మెదడు కణితి నిర్ధారణలో చిత్రమూ జన్యువూ
(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

మెదడులో పుట్టే కణితి ఇతర అవయవాల్లో పుట్టే కణితుల వంటిది కాదు. రొమ్ములోనో మెడలోనో గడ్డ కడితే అది చేతికి తగులుతుంది. పేగులోనో గొంతులోనో పుడితే గొట్టం పంపి చూడవచ్చు. కాని ఎటుచూసినా ఎముకతో మూసుకుపోయిన పుర్రెలో పెరిగే కణితి తలనొప్పి, వాంతులు, మూర్ఛ, చూపు మందగించడం, మాట తడబడటం వంటి పరోక్ష సూచనలతోనే తన ఉనికిని తెలియజేస్తుంది. కోసి చూద్దామన్నా, మెదడులో తీసివేయదగ్గ భాగమూ తాకరాని భాగమూ కొన్ని మిల్లీమీటర్ల ఎడంలో పక్కపక్కనే ఉంటాయి. అందుచేత ఈ వ్యాధిలో వైద్యుడి ముందు మొదటినుంచీ రెండు ప్రశ్నలు నిలిచి ఉన్నాయి: కణితి ఎక్కడ ఉంది, అది ఏ జాతిది. మొదటి ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో ఎదిగిన వైద్యచిత్రణ శాస్త్రం జవాబు చెప్పింది. రెండవదానికి సరైన జవాబు గత రెండు దశాబ్దాలలో జన్యుశాస్త్రం నుంచి వచ్చింది. ఈ రెండు జవాబులూ ఒక నివేదికలో కలిసినప్పుడే నేడు మెదడు కణితి నిర్ధారణ పూర్తయినట్టు లెక్క. స్కాన్ దగ్గర, సూక్ష్మదర్శిని దగ్గర ఆగిపోయిన నివేదిక రోగికి సగం నిర్ధారణనే ఇస్తున్నది. మిగిలిన సగంలో అధికభాగాన్ని సమకూర్చుకోవడానికి కావలసిన సాధనాలు తెలుగు రాష్ట్రాల వైద్యశాలల శక్తికి మించినవి కావన్నది ఈ ఉపన్యాసం నిరూపించదలచుకున్న విషయం.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో బోస్టన్ చేరి, 1948లో అమెరికాలోనే కన్నుమూసిన ఎల్లాప్రగడ సుబ్బారావు రేడియాలజిస్టూ కాదు, జన్యుశాస్త్రవేత్తా కాదు. అయినా ఆయన పరిశోధనల్లో రెండు ఈ విషయం మధ్యలోనే ఉన్నాయి: ఒకటి కణితి స్కాన్‌ను చదివే చోట, మరొకటి ఒకానొక మెదడు కణితికి మందు ఎక్కించే చోట. ఆ రెండింటి ప్రస్తావన గౌరవార్థం అతికించినది కాదు కాబట్టి, వాటిని వాటి స్థానాల్లోనే వివరించడం సబబు.

1884 నవంబరు 25న లండన్‌లో రిక్‌మన్ గాడ్లీ అనే శస్త్రవైద్యుడు ఒక యువకుడి పుర్రె తెరిచి మెదడులోని కణితిని తొలగించినప్పుడు, ఎక్కడ తెరవాలో ఆయనకు చూపిన చిత్రం ఏదీ లేదు. అలెగ్జాండర్ హ్యూస్ బెనెట్ అనే వైద్యుడు రోగి చేతిలో వచ్చిన బలహీనతనూ, శరీరంలో ఒకవైపునే మొదలయ్యే మూర్ఛనూ పరిశీలించి, కదలికలను నడిపే మెదడు భాగంలో ఫలానాచోట కణితి ఉండాలని తర్కించి చెప్పగా, అది అక్కడే దొరికింది. రోగి మాత్రం నెల తిరగకముందే ఇన్ఫెక్షన్ సోకి మరణించాడు. మరి పదకొండేళ్లకు వచ్చిన ఎక్స్‌రే పుర్రె ఎముకను చూపగలిగిందే తప్ప లోపలి మెత్తని కణజాలాన్ని చూపలేకపోయింది. 1918లో వాల్టర్ డాండీ మెదడులోని ద్రవకోశాల్లోకి గాలి పంపి ఎక్స్‌రే తీసే పద్ధతినీ, 1927లో ఎగాస్ మోనిజ్ రక్తనాళాల్లోకి రంగుమందు పంపి చూసే పద్ధతినీ కనిపెట్టారు. ఆ రెండింటిలోనూ కనిపించేది కణితి కాదు, కణితి తోసివేయగా పక్కకు జరిగిన కోశమో నాళమో మాత్రమే. కణితి కణజాలమే కంటపడటం 1971 అక్టోబరు 1న, లండన్ శివార్లలోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సీటీ యంత్రం తొలి రోగి మెదడును పొరలు పొరలుగా చిత్రించిననాడు మొదలయింది. అంటే గాడ్లీ కత్తి పట్టిన నాటినుంచి 87 సంవత్సరాలపాటు శస్త్రవైద్యులు కణితిని చూడకుండానే దాని కోసం పుర్రె తెరిచారన్నమాట. ఆ కాలపు నాడీవైద్యుల తర్కబలం, పరిశీలనా శక్తి ఎంతటివో గుర్తుంచుకోదగ్గ విషయం.

సీటీ ఎక్స్‌రే మీద ఆధారపడితే, దాని తరువాత వచ్చిన ఎమ్మారై శరీరంలోని నీటి మీద ఆధారపడుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో నీటి అణువుల్లోని హైడ్రోజన్ కేంద్రకాలు ఒక దిశకు తిరిగి నిలుస్తాయి. రేడియో తరంగంతో వాటిని కదిలించి వదిలితే అవి తిరిగి సర్దుకుంటూ వెలువరించే సంకేతం కణజాలాన్ని బట్టి మారుతుంది. ఆ తేడాలే చిత్రమవుతాయి. గడోలినియం అనే లోహపు సమ్మేళనాన్ని రక్తనాళం ద్వారా ఎక్కించి మళ్లీ చిత్రం తీస్తే మరో విషయం తెలుస్తుంది. ఆరోగ్యవంతమైన మెదడులో రక్తనాళాల గోడలు రక్తంలోని పదార్థాల్లో చాలావాటిని మెదడులోకి రానివ్వవు. దీనినే రక్త–మెదడు అవరోధం అంటారు. కణితి ఈ అవరోధాన్ని ఛిద్రం చేసినచోట గడోలినియం బయటికి కారి చిత్రంలో తెల్లగా వెలుగుతుంది. అయితే ఆ వెలుగు అంచే కణితి అంచు అనుకోవడం ప్రమాదకరం. మెదడులోని ఆధారకణాల వంశం నుంచి పుట్టే గ్లియోమా జాతి కణితులు, పంటచేలో పైకి కనిపించే ఆకుకన్నా నేల అడుగున ఎంతో దూరం దుంపలు పాకించే తుంగ మాదిరిగా, వెలిగే అంచును దాటి తెల్ల పదార్థపు నాడీమార్గాల వెంబడి చొచ్చుకుపోతాయి. ‘మొత్తం తీసేశాం’ అన్న మాటకు గ్లియోమాలో అర్థం, స్కాన్‌లో కనిపించినంత మేరకు తీశామని మాత్రమే.

ఎమ్మారైలోనే మరికొన్ని ప్రత్యేక పద్ధతులున్నాయి. నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలిచే విసరణ చిత్రణ, కణాలు కిక్కిరిసి ఉన్న చోటును పట్టిస్తుంది. కణితిలోకి పారే రక్తం పరిమాణాన్ని కొలిచే రక్తప్రవాహ చిత్రణ, కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటున్న ఉద్ధృతమైన కణితిని అనుమానించడానికి తోడ్పడుతుంది; కాని నెమ్మదిగా పెరిగే ఒలిగోడెండ్రోగ్లియోమా అనే గ్లియోమాలోనూ రక్తప్రవాహం హెచ్చుగా ఉండవచ్చు కాబట్టి దీనిని ఒంటరిగా నమ్మరాదు.

మూడవది స్పెక్ట్రోస్కోపీ. ఇది బొమ్మను ఇవ్వదు. కణజాలంలో ఏ రసాయనం ఎంత ఉందో శిఖరాల వరుసగా గీసి చూపుతుంది. కణపు పొరల నిర్మాణంలో పాల్గొనే కోలీన్ సమ్మేళనాల శిఖరం కణితిలో పెరుగుతుంది. నాడీకణాలకు గుర్తయిన ఎన్-అసిటైల్ ఆస్పర్టేట్ శిఖరం తరుగుతుంది. పెరిగిందనడానికీ తరిగిందనడానికీ ఒక కొలబద్ద కావాలి గనుక, ఈ రెండింటినీ అదే గ్రాఫులోని క్రియాటిన్ శిఖరంతో నిష్పత్తి కట్టి చెప్పడం ఆనవాయితీ. ఆ శిఖరం నిజానికి క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ అనే రెండు పదార్థాలు కలిసి ఇచ్చే సంకేతం. కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు సుబ్బారావు. కండరాల రసాయనం కోసం చేసిన ఆ పరిశోధన, ఆయన మరణించిన ఎన్నో ఏళ్లకు, ఎమ్మారై గదిలో మెదడు కణితికి కొలబద్దగా అక్కరకొచ్చింది. ఈ కొలబద్దకూ పరిమితి ఉంది: తీవ్రమైన గ్లియోమాలో క్రియాటిన్ స్వయంగా తగ్గవచ్చు, ఇతర అవయవాల నుంచి మెదడుకు పాకిన క్యాన్సర్‌లో దాదాపు కనిపించకపోవచ్చు. అప్పుడు నిష్పత్తి ఒక్కటే చూసి తీర్పు చెబితే పొరపాటు తప్పదు.

భారతదేశంలో ఈ చిత్రాలను చదివేవారికి పాశ్చాత్య పాఠ్యగ్రంథాల్లో అంతగా కనిపించని ఇబ్బంది ఒకటుంది. అంచు మాత్రం ఉంగరంలా వెలుగుతూ నడుమ నల్లగా ఉన్న మచ్చ కనిపిస్తే అది గ్లియోమాల్లో అత్యంత ఉద్ధృతమైన గ్లియోబ్లాస్టోమా కావచ్చు, చీముగడ్డ కావచ్చు, టీబీ వల్ల ఏర్పడిన ట్యూబర్క్యులోమా కావచ్చు, బద్దెపురుగు గుడ్లు ఆహారం ద్వారానో నీటి ద్వారానో కడుపులో చేరి దాని పిల్లలు మెదడులో తిత్తులు కట్టగా వచ్చిన న్యూరోసిస్టిసర్కోసిస్ కావచ్చు. చివరి మూడూ మందులతో నయం కాగలవి, మొదటిది ప్రాణాంతకం. చీముగడ్డ నడిభాగంలోని చిక్కని చీము విసరణ చిత్రణలో ప్రకాశిస్తుంది, కణితి నడిమి మృతకణజాలం సాధారణంగా ప్రకాశించదు. తిత్తిలో పురుగు తల చుక్కలా కనిపిస్తే సిస్టిసర్కోసిస్ ఖాయమవుతుంది. ట్యూబర్క్యులోమాలో స్పెక్ట్రోస్కోపీ కొవ్వుల శిఖరాన్ని చూపుతుంది, అయితే కుళ్లిన కణితిలోనూ ఆ శిఖరం రావచ్చు. మూర్ఛ వచ్చిన యువకుడి స్కాన్‌లో ఉంగరం కనిపించగానే కుటుంబానికి క్యాన్సర్ అని చెప్పడం ఎంత అన్యాయమో, క్యాన్సర్‌ను టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగించడం కూడా అంతే అన్యాయం. ఈ మీమాంస తెగేది చాలాసార్లు కణజాలపు ముక్కను తీసి చూసే బయాప్సీతోనే.

ముక్క చేతికి వచ్చాక కూడా దాని పేరు చెప్పడం తేలిక కాలేదు. 1926లో పెర్సివల్ బెయిలీ, హార్వీ కుషింగ్ సూక్ష్మదర్శినిలో కణాల ఆకారాన్ని చూసి, అవి మెదడు ఎదుగుదలలో ఏ దశ కణాలను పోలి ఉన్నాయో దానినిబట్టి గ్లియోమాలను వర్గీకరించారు. నక్షత్రాకారపు ఆస్ట్రోసైట్లను పోలినది ఆస్ట్రోసైటోమా, నాడీతంతువులకు తొడుగు అల్లే ఒలిగోడెండ్రోసైట్లను పోలినది ఒలిగోడెండ్రోగ్లియోమా అయింది. ఆ పునాది మీదే దాదాపు తొంభై ఏళ్లు వైద్యం నడిచింది. అయితే పోలిక అన్నది చూసేవారి కంటిని బట్టి మారుతుంది. ఒకే స్లైడును ఇద్దరు అనుభవజ్ఞులైన పెథాలజిస్టులు చూసి రెండు పేర్లు చెప్పిన సందర్భాలు, ముఖ్యంగా రెండు రకాల కణాలూ కలగలిసినట్టు కనిపించే కణితుల్లో, కొల్లలుగా ఉన్నాయి.

ఈ పరిస్థితిని మార్చినది 2008లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ బృందం ప్రచురించిన పరిశోధన. వారు 22 గ్లియోబ్లాస్టోమా కణితుల్లో 20 వేలకు పైబడిన జన్యువులను వరుసగా చదువుతూ పోగా, అంతకు ముందు క్యాన్సర్‌తో ఎవరూ ముడిపెట్టని ఐడీహెచ్1 అనే జన్యువులో, కొందరు రోగుల్లో, ఒకేచోట మార్పు కనిపించింది. కణంలో శక్తిని పుట్టించే రసాయన చక్రంతో సంబంధమున్న ఎంజైము నిర్మాణానికి ఈ జన్యువు ఆధారం. ఆ ఎంజైములోని 132వ అమైనో ఆమ్లం మారగానే అది తన పాత పని వదిలి, 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే పదార్థాన్ని కణంలో గుట్టలుగా పోస్తుంది. ఆ పదార్థం డీఎన్‌ఏ మీద, డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద ఉండే మిథైల్ గుర్తులను చెరిపే ఎంజైములను అడ్డగిస్తుంది. గుర్తులు పేరుకుపోయిన కణం పరిణతి చెందలేక, ఎదగని దశలోనే విభజన చెందుతూ ఉండిపోతుంది. చక్కెరను కాల్చే సాదాసీదా ఎంజైము ఒకటి మెదడు క్యాన్సర్‌కు మూలం కావడం జీవరసాయన శాస్త్రాన్నీ క్యాన్సర్ వైద్యాన్నీ మళ్లీ ఒకచోట చేర్చింది.

2009లో వచ్చిన మరో అధ్యయనం ఈ మార్పు ఉన్న గ్లియోబ్లాస్టోమా రోగుల మధ్యస్థ జీవితకాలం 31 నెలలు, లేనివారిది 15 నెలలు అని చూపించింది. సూక్ష్మదర్శినిలో ఒకటిగా కనిపించినవి రెండు వేరు వేరు వ్యాధులన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తన వర్గీకరణలో జన్యులక్షణాలను చేర్చి, 2021 నాటి ఐదవ కూర్పులో పెద్దల్లో వ్యాపించే గ్లియోమాలను మూడింటికి కుదించింది: ఐడీహెచ్ మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమా, ఐడీహెచ్ మార్పుతోపాటు 1వ క్రోమోజోము పొట్టి చెయ్యి, 19వ క్రోమోజోము పొడవు చెయ్యి రెండూ లోపించిన ఒలిగోడెండ్రోగ్లియోమా, ఐడీహెచ్ మార్పు లేని గ్లియోబ్లాస్టోమా. కలగలుపు కణితి అన్న పాత పేరు దాదాపు కనుమరుగైంది. స్లైడులో తక్కువ తీవ్రత కలదిగా కనిపించినా, ఐడీహెచ్ మార్పు లేకుండా, 7వ క్రోమోజోము ఒకటి అదనంగా చేరి 10వది ఒకటి లోపించడమో, టెర్ట్ జన్యువును నడిపే భాగంలో మార్పో, ఈజీఎఫ్ఆర్ జన్యువు ప్రతులు పెరగడమో ఉంటే అది గ్లియోబ్లాస్టోమాయేనని ఈ వర్గీకరణ చెబుతుంది. ‘రెండవ గ్రేడు, భయం లేదు’ అని ఇంటికి పంపిన నడివయసు రోగి ఏడాదిలో తిరిగి రావడానికి వెనకటి రోజుల్లో కారణం తెలిసేది కాదు, కారణం ఇదే.

పేరు మారడం వల్ల చికిత్స మారకపోతే ఈ శ్రమకు ప్రయోజనం ఉండదు. క్రోమోజోము భాగాలు రెండూ లోపించిన కణితుల మీద జరిగిన ఒక దీర్ఘకాల పరీక్షలో, రేడియేషన్ ఒక్కటే పొందినవారి మధ్యస్థ జీవితకాలం 7.3 సంవత్సరాలు కాగా, దానికి ప్రొకార్బజీన్, లోముస్టీన్, విన్‌క్రిస్టీన్ అనే మూడు మందులను చేర్చినప్పుడు అది 14.7 సంవత్సరాలైంది. రెట్టింపు జీవితం ఆ ఒక్క క్రోమోజోము పరీక్ష ఫలితం మీద ఆధారపడి ఉందంటే, ఆ పరీక్షను ఐచ్ఛికమని వదిలివేయడం ఎలా సమర్థనీయం? గ్లియోబ్లాస్టోమాలో టెమొజోలమైడ్ అనే మందును రేడియేషన్‌కు జోడిస్తే మధ్యస్థ జీవితకాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరుగుతుందని 2005లో తేలింది. ఆ లాభం అందరికీ సమానంగా పంచబడలేదు. ఈ మందు చేసే పని కణితి డీఎన్‌ఏను దెబ్బతీయడం. ఎంజీఎంటీ అనే ప్రొటీన్ చేసే పని ఆ దెబ్బను మాన్పడం. ఎంజీఎంటీ జన్యువు మిథైల్ గుర్తులతో మూతపడి ఉన్న కణితుల్లో మరమ్మతు జరగదు గనుక మందు బాగా పనిచేసి, మధ్యస్థ జీవితకాలం 21.7 నెలలకు చేరింది. జన్యువు తెరిచి ఉన్నవారిలో లాభం స్వల్పం. వృద్ధులైన రోగులకు మందా, రేడియేషనా అని ఎంచుకోవలసినప్పుడు ఈ పరీక్ష దారి చూపుతుంది.

ఐడీహెచ్ మార్పును గురిపెట్టే మందు కూడా వచ్చింది. శస్త్రచికిత్స మాత్రమే జరిగిన రెండవ గ్రేడు రోగులు 331 మంది పాల్గొన్న పరీక్షలో, వోరాసిడెనిబ్ అనే మాత్ర తీసుకున్నవారిలో వ్యాధి ముదరకుండా గడిచిన కాలం 27.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 11.1 నెలలు. 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతినిచ్చింది. యువ వయసులో ఉన్న రోగులకు, జ్ఞాపకశక్తి మీద దీర్ఘకాలంలో ప్రభావం చూపే రేడియేషన్‌ను వాయిదా వేయగలగడం చిన్న విషయం కాదు.

చిత్రణకూ జన్యువుకూ మధ్య గోడ ఇప్పుడు పలుచబడుతున్నది. ఒక ఎమ్మారై పద్ధతిలో కణితి అంతా తెల్లగా కనిపించి, నీటి సంకేతాన్ని అణచివేసే ఫ్లేర్ అనే మరో పద్ధతిలో అంచు మాత్రం తెల్లగా మిగిలి లోపలంతా నల్లబడితే, అది ఐడీహెచ్ మార్పు ఉండి, క్రోమోజోము భాగాలు నిలిచి ఉన్న ఆస్ట్రోసైటోమా అని పుర్రె తెరవకముందే దాదాపు చెప్పవచ్చు. ఆ గుర్తు లేనంత మాత్రాన కాదనడానికి మాత్రం వీల్లేదు. కణితిలో పేరుకున్న 2-హైడ్రాక్సీగ్లుటరేట్‌ను స్పెక్ట్రోస్కోపీతో బయటినుంచే పట్టుకోవడం కూడా సాధ్యమైంది. జన్యువులోని ఒక అక్షరం మార్పు ఫలితం ఎమ్మారై గ్రాఫులో శిఖరంగా కనబడటమన్నమాట. దీనికి వ్యతిరేక దిశలో, జన్యుపరీక్ష చిత్రాన్ని చదవడానికి తోడ్పడే సందర్భమూ ఉంది. రేడియేషన్, టెమొజోలమైడ్ ముగిసిన మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో కణితి పెరిగినట్టు కనిపించి, చికిత్స మార్చకుండానే తరువాత తగ్గిపోవడం కద్దు. చికిత్స కలిగించిన వాపు వల్ల వచ్చే ఈ ఆభాస ఎంజీఎంటీ మూతపడిన కణితుల్లో ఎక్కువ. ఆ సంగతి తెలియక ‘మందు పనిచేయలేద’ని నిలిపివేస్తే, ఎవరికి ఎక్కువ మేలు జరుగుతున్నదో సరిగ్గా వారికే మందు ఆగిపోతుంది.

శస్త్రచికిత్సా మందిరంలో ఈ జ్ఞానం వేరే రూపం దాలుస్తుంది. నీటి కదలిక దిశను బట్టి నాడీమార్గాలను గీసే చిత్రణ, పని చేస్తున్న మెదడు భాగంలో రక్తంలోని ఆక్సిజన్ మార్పును పట్టుకునే చిత్రణ కలిసి, మాటకూ కదలికకూ ఆధారమైన చోట్లను ముందుగానే పటంలో చూపుతాయి. ఆ పటాన్ని సరిచూసుకోవడానికి రోగిని మెలకువగా ఉంచి, మెదడు ఉపరితలాన్ని సూక్ష్మమైన విద్యుత్తుతో తాకుతూ, బొమ్మలు చూపి పేర్లు చెప్పిస్తారు. తాకినచోట మాట ఆగితే ఆ చోటును వదిలేస్తారు. రెండు భాషలు తెలిసినవారిలో ఆ భాషలకు ఆధారమైన చోట్లు కొంతమేరకు వేరువేరుగా ఉంటాయని 1970ల నుంచీ తెలుసు. తెలుగు మాతృభాషగా కలిగి, హిందీలోనో ఉర్దూలోనో ఇంగ్లిషులోనో పనిచేసుకునే రోగిని ఇంగ్లిషు బొమ్మల జాబితాతో మాత్రమే పరీక్షిస్తే, ఇంటి భాష కత్తి అంచున మిగిలిపోతుంది. పరీక్ష రోగి మాట్లాడే ప్రతి భాషలోనూ, అతడు ఎరిగిన వస్తువుల బొమ్మలతోనే జరగాలి. కణితి కణాల్లో చేరి నీలికాంతిలో ఎర్రగా మెరిసే 5-అమైనోలెవులినిక్ ఆమ్లాన్ని ముందుగా తాగించి చేసిన శస్త్రచికిత్సల్లో, ఎమ్మారైలో వెలిగే కణితి మొత్తం తీయగలిగినవి 65 శాతం, మామూలు కాంతిలో చేసినవాటిలో 36 శాతం అని 2006లో జర్మనీ పరిశోధకులు చూపారు.

అయితే కణితి పెద్దదైనా కోసి తీయవలసిన అవసరం లేని జాతి ఒకటి ఉంది. అది మెదడులో పుట్టే లింఫోమా. ద్రవకోశాల పక్కన, నిండుగా వెలుగుతూ, విసరణ చిత్రణలో కణాల సాంద్రతను చాటుతూ కనిపించే ఈ కణితిని అనుమానించగానే రెండు పనులు చేయాలి. మొదటిది, ప్రాణాపాయం లేనంతవరకు బయాప్సీ పూర్తయ్యేదాకా స్టిరాయిడ్ ఇవ్వకుండా ఆగడం. వాపు తగ్గాలని అలవాటుగా ఇచ్చే ఆ మందుకు లింఫోమా కణాలు కరిగిపోయి, తీసిన ముక్కలో ఏమీ తేలకుండా పోతుంది. రెండవది, సూదితో తీసిన చిన్న ముక్కను పూర్తిగా పరీక్షించడం. ఈ రోగుల్లో అధికసంఖ్యాకుల కణాల్లో ఉండే మైడ్88 జన్యుమార్పును మెదడు–వెన్ను ద్రవంలో వెతకడం కూడా ఇప్పుడు సాధ్యమవుతున్నది. పేరు తేలాక ఇచ్చే చికిత్సకు వెన్నెముక మెథోట్రెక్సేట్. లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం పరిశోధన సాగి, దానికి పోటీగా నిలిచే అణువులు తయారై, వాటిలో అమినోప్టెరిన్‌ను 1947–48లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లల్లో వాడి తాత్కాలిక ఉపశమనం సాధించాడు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానికే చెందినది. మామూలు మోతాదులో ఇది రక్త–మెదడు అవరోధాన్ని తగినంతగా దాటలేదు. శరీర ఉపరితలపు ప్రతి చదరపు మీటరుకు 3 గ్రాములు, అంతకు మించిన మోతాదులో ఎక్కించి, ఆరోగ్యకరమైన కణాలు చనిపోకుండా కొన్ని గంటల తరువాత ఫోలినిక్ ఆమ్లం అనే విరుగుడు ఇస్తూ, మూత్రాన్ని క్షారంగా ఉంచుతూ, రక్తంలో మందు స్థాయిని కొలుస్తూ నడిపే ఈ చికిత్స, ఫోలిక్ ఆమ్లపు రసాయనాన్ని రెండు వైపులా తెలిసినవారికే తట్టగల ఆలోచన. 1948లో కన్నుమూసిన సుబ్బారావు ఈ ఉపయోగాన్ని చూడలేదు.

పిల్లల విషయంలో జన్యుపరీక్ష అవసరం ఇంకా తీవ్రమైనది. చిన్నమెదడులో పుట్టే మెడుల్లోబ్లాస్టోమా ఒకే వ్యాధి కాదనీ, నాలుగు జన్యుసమూహాలనీ 2012 నాటికి అంగీకారం కుదిరింది. వాటిలో వింట్ సమూహానికి చెందిన పిల్లల్లో అత్యధికులు నయమవుతారు. వారికి రేడియేషన్ మోతాదు తగ్గించవచ్చునా అన్నది నేటి పరిశోధనల అంశం. ఎదుగుతున్న మెదడు మీద, వెన్ను మీద పడే రేడియేషన్ ఆ బిడ్డ చదువునూ ఎత్తునూ హార్మోన్లనూ జీవితాంతం వెంటాడుతుంది కనుక ఆ ప్రశ్న కేవలం శాస్త్రీయమైనది కాదు. సోనిక్ హెడ్జ్‌హాగ్ సమూహంలో కొందరికి మార్పు కణితిలోనే కాక పుట్టుకతోనే శరీరమంతటా ఉంటుంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చి ఉండవచ్చు, తోబుట్టువుల్లోనూ ఉండవచ్చు. ఇక్కడ ఒక అపోహ తొలగాలి. జన్యుపరీక్ష అనగానే ‘మా వంశంలో లేదు’ అని కుటుంబాలు బెదిరిపోతాయి, పెళ్లి సంబంధాలను తలచుకుని దాచిపెడతాయి. పెద్దల గ్లియోమాల్లో కనిపించే మార్పులు దాదాపు అన్నీ కణితి కణాల్లో కొత్తగా పుట్టినవే. వంశానికి సంబంధం లేనివి. వంశపారంపర్యమైన కొద్ది సందర్భాల్లో, రక్తపరీక్షకు ముందే కుటుంబానికి వివరించి చెప్పవలసిన బాధ్యత వైద్యుడిదే.

జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తుల అమరికను కంప్యూటరుకు నేర్పి కణితులను వర్గీకరించే పద్ధతిని 2018లో ప్రచురించారు. శస్త్రచికిత్స సాగుతుండగానే రంధ్రాల గుండా డీఎన్‌ఏను పంపి చదివే యంత్రంతో గంటన్నర లోపు జాతిని చెప్పే పద్ధతిని 2023లో నెదర్లాండ్స్ బృందం చూపించింది. ఇవి ప్రతిచోటా రావడానికి సమయం పడుతుంది. కాని వాటికోసం వేచి ఉండనవసరం లేదు. ఐడీహెచ్1 మార్పుల్లో దాదాపు 90 శాతం ఒకే రకానివి కాబట్టి, ఆ మారిన ప్రొటీన్‌ను గుర్తించే యాంటీబాడీ రంగుపరీక్ష పెథాలజీ ప్రయోగశాలలో స్లైడు మీదే జరుగుతుంది. దానికి ఏటీఆర్ఎక్స్, పి53 అనే ప్రొటీన్ల రంగుపరీక్షలు చేర్చితే, ఐడీహెచ్ మార్పు ఉండి ఏటీఆర్ఎక్స్ లోపించిన కణితిని ఆస్ట్రోసైటోమాగా తేల్చి, క్రోమోజోము పరీక్ష ఖర్చు ఆదా చేయవచ్చు. ఏటీఆర్ఎక్స్ నిలిచి ఉన్నవాటికే ఆ పరీక్ష చేయించవచ్చు. మెదడు నడిగీత వెంబడి పుట్టే కణితుల్లో హెచ్3 కె27 మార్పుకూ, తీవ్రతను సూచించే సీడీకేఎన్2ఏ జన్యులోపానికి పరోక్ష గుర్తుగా ఎంటాప్ ప్రొటీన్‌కూ ఇటువంటి రంగుపరీక్షలే ఉన్నాయి. రంగుపరీక్షలో ఐడీహెచ్ మార్పు లేదని తేలిన 55 ఏళ్ల లోపు రోగికి మాత్రం జన్యువును చదివి చూడటం తప్పనిసరి. శస్త్రచికిత్సకూ రేడియేషన్‌కూ ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆసరా అయిన రాష్ట్రాల్లో, ఈ నాలుగైదు రంగుపరీక్షలను కూడా శస్త్రచికిత్స ప్యాకేజీలో విడదీయరాని భాగంగా లెక్కించడం న్యాయం. సగం నిర్ధారణ మీద ఆధారపడి ఇచ్చే రేడియేషన్‌కు అయ్యే ఖర్చు అంతకన్నా ఎంతో పెద్దది.

ఇదంతా చివరికి ఒక చిన్న మైనపు బ్లాకు మీద ఆధారపడి ఉంటుంది. తీసిన ముక్కను వెంటనే తగినంత ఫార్మలిన్‌లో వేయాలి. ఆ ఫార్మలిన్ ఆమ్లంగా మారని బఫరు ద్రావణం కావాలి. మూడు రోజులకు మించి అందులో నానబెడితే డీఎన్‌ఏ ముక్కలై జన్యుపరీక్షకు పనికిరాకుండా పోతుంది. శుక్రవారం తీసిన ముక్క సెలవుల వల్ల బుధవారం దాకా సీసాలోనే మిగిలిపోతే, తరువాత ఎంత ఖరీదైన యంత్రమూ దానిని చదవలేదు. స్లైడులతోపాటు బ్లాకు కూడా రోగికి సంబంధించినదేనని, వేరే ఊరి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు దానిని అడిగి తీసుకోవచ్చునని చాలా కుటుంబాలకు తెలియదు. డిశ్చార్జి సమ్మరీలో ఆ మాట తెలుగులో రాసి ఇస్తే సరిపోతుంది. పదేళ్ల కిందట ‘రెండవ గ్రేడు ఆస్ట్రోసైటోమా’ అన్న ఒక్క పంక్తి నివేదికతో ఇంటికి వెళ్లిన వ్యక్తి బ్లాకు నేటికీ ఏ ఆస్పత్రి అలమరలోనో ఉండి ఉంటే, దాని నుంచి నాలుగు మైక్రాన్ల మందాన పలుచని పొర కోసి, ఐడీహెచ్1 యాంటీబాడీ వేసి, ఆ వ్యక్తి వ్యాధికి సరైన పేరు చెప్పే దిశగా మొదటి అడుగును ఈ వారంలోనే వేయవచ్చు.